తీగ అవతలి మనిషి

“ట్రాంటర్! మళ్ళీ ట్యాంకులు కనబడుతున్నాయిరా. ఇక్కడ నేనొక్కణ్ణే మిగిలాను. వెనక్కి వచ్చెయ్యనా? కెప్టెన్ గారిని అడుగు!” ఫోన్‌లో గొంతు చించుకున్నాడు ఆగ్డెన్.

“ఉండు, అడిగి చెప్తా.”

లిబియా ఎడారిలో ఎండ మాడ్చేస్తోంది. తెల్లవారుజాము దాడికి ముందు, ట్యాంకుల్ని కొట్టే ఆగ్డెన్ ఫిరంగి దగ్గర ఐదుగురుండేవారు. ఇప్పుడు నలుగురు గోతి పక్కన దుప్పట్ల కింద ఉన్నారు. రెజిమెంటులోని మిగతా ఫిరంగులేవీ కనుచూపు మేరలో లేవు. ఆర్డరు లేకుండా ఫిరంగిని వదిలి అడుగు వెనక్కి వెయ్యకూడదు. ఆ ఆర్డరు రావాల్సింది ఇసుకలో పరిచిన ఈ ఫోను తీగ మీదుగానే.

“ఉండమన్నారు. అందరం నీ వెనకే ఉన్నాం, భయపడకు.”

“భయపడక చస్తానా! నీకేం, గోతిలో కూర్చుని టీ తాగుతూ ఎన్నైనా చెప్తావు.”

“ఏం టీలే, పంచదారే లేదు. మీ ఆవిడ టీ బాగా పెడుతుందా?”

“ఇంకా పెళ్ళే కాలేదురా నాయనా. మీ కెప్టెన్ ఇలా కూర్చోబెడితే ఇక కాదు కూడా!”

అవతల పడీపడీ నవ్వాడు ట్రాంటర్. ఆగ్డెన్ ప్రాణం కాస్త కుదుటపడింది. ఆ ట్రాంటర్ మొహం కూడా ఎప్పుడూ చూడలేదు. కానీ ఈ పాడు ఎడారిలో తనకంటూ మిగిలింది ఆ గొంతొక్కటే.

ట్యాంకులు దగ్గరికొచ్చేశాయి. ఆగ్డెన్ తనే గుండు పెట్టి, తనే గురి చూసి పేల్చాడు. ముందున్న ట్యాంకు భగ్గుమంది. అంతలోనే ఇంకో ట్యాంకు పేల్చిన గుండు ఫిరంగిని తునాతునకలు చేసింది. ఇక అక్కడ పనేమీ లేదనుకున్నాయో ఏమో, మిగతా ట్యాంకులు పక్కకు తిరిగి దుమ్ములో కలిసిపోయాయి. ఆగ్డెన్ భుజం నుంచి రక్తం కారుతోంది.

“ట్రాంటర్, ఫిరంగి పోయింది. ఇప్పుడైనా రమ్మంటారా?”



“అడిగి చెప్తా.”

“నీ అడగడం తగలెయ్య! ఇంకేం మిగిలిందని ఇక్కడ?”

ఫోన్ విసిరికొట్టి, తీగ వెంబడే వెనక్కి నడిచాడు. వెళ్ళగానే కెప్టెన్‌ని కడిగిపారెయ్యాలి, ట్రాంటర్ గాణ్ణి కావలించుకోవాలి అనుకున్నాడు.

తీగ ఒక గోతిలోకి దిగింది. చుట్టూ లారీల చక్రాల జాడలే తప్ప నరమానవుడు లేడు. గోతిలో ఒక బక్కపలచటి మనిషి, తొడ నుంచి పాదం దాకా కట్టుతో, ఫోన్ ఇంకా చెవికి ఆనించుకునే ఉన్నాడు.

“ట్రాంటర్? కెప్టెన్ గారేరీ?”

“ఎండ ఎక్కకముందే వెళ్ళిపోయారు. అందరూ వెళ్ళిపోయారు. బండిలో చోటు లేదు, మళ్ళీ వచ్చి తీసుకెళ్తామన్నారు నన్ను.”

“మరి నాకు ఆర్డరు?”

ట్రాంటర్ తల దించుకున్నాడు.

“వచ్చెయ్యమని ఫిరంగుల దగ్గరున్న మీ అందరికీ చెప్పమన్నారు. ఒక్కొక్కళ్ళకే చెప్పుకుంటూ వచ్చాను, చెప్పగానే ఒక్కొక్కళ్ళే ఫోన్ పెట్టేశారు. ఆఖరికి నువ్వొక్కడివే మిగిలావురా.”