వంకాయ వేపుడు

ఎండలో వద్దంటే వినకుండా నా కోడలు ప్రమోద నన్ను బరంపురంలో బస్సెక్కించి చమఖండి సముద్రం ఒడ్డుకు తీసుకొచ్చింది. చేపల హోటల్లో భోంచేద్దామంది. దారంతా నాకు గుబులే. తాళం సరిగ్గా పడిందో లేదో, తిరుగు బస్సు దొరుకుతుందో లేదో.

అన్నిటికంటే పెద్ద గుబులు వేరే ఉంది. మూడేళ్ల కిందట వేటకెళ్లిన నా కొడుకును సముద్రం తీసుకుపోయింది. అప్పట్నుంచీ చేప ముట్టని పిల్ల ఇవాళ చేపల హోటల్‌కి ఎందుకు బయల్దేరినట్టు? ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

"ఏటే, ఇక్కడ నువ్వేటి తింతావు?" అన్నాను.

"కూకో అత్తా. ఊరికే కంగారు పడిపోతావు," అంది. తను మాత్రం చెంగు మెలిపెడుతూనే ఉంది.

మేమింకా ఏమీ అడగలేదు. హోటలతను వచ్చి నా ముందు చందువ చేప వేపుడు పెట్టాడు. ప్రమోద ముందు అన్నం, పప్పు, వంకాయ వేపుడు పెట్టాడు.

చుట్టూ చూశాను. వంకాయ ఇంకెవరి పళ్లెంలోనూ లేదు.

"నీకు సెప్పడానికి నోరు రానేదత్తా," అంది ప్రమోద, తలెత్తకుండా.

నీళ్లు తాగి అతన్ని అడిగాను.

"నువ్వు పడవెక్కుతావేటి?"

"నేదమ్మా, వంటే నా పని. నాకు ఈత కూడా రాదు."

"సముద్రం పక్కన బతికేవోడికి ఈత రాకపోతే ఎలాగరా? ముందది నేర్సుకో. పెళ్లి మాట ఆ తర్వాత."