జేనుగుండు దారి

ఫారెస్ట్ గేటు తాళంచెవిని చేతిలోనే పెట్టుకుని నిలబడ్డాడు వాచర్ పంపన్న.

"నువ్వొద్దులే పాపా. ఈపొద్దు వీళ్ళని నేను పిల్చుకపోతా."

"నీ ఆయాసానికి నువ్వు యాడ ఎక్కుతావు మామా? గేటు తీ," అంది రంజిత.

పంపన్న గేటు తీశాడు. మూడేళ్ళ కిందట రంజిత తమ్ముడు హనుమేష్ శవాన్ని ఈ కొండ నుంచి భుజాన మోసుకొచ్చింది ఆయనే.

రంజిత సండూరు కొండల్లో ట్రెక్కింగ్ గైడు. ప్రతి శనివారం బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళను ఏదో ఒక కొండ ఎక్కిస్తుంది. ఈ మూడేళ్ళలో ఈ జేనుగుండు కొండ వైపు మాత్రం రాలేదు.

ఈ వారం వానలకు మిగతా దారుల్లో వాగులు పొంగాయి. నిన్న ట్రెక్కింగ్ కంపెనీ ఓనరు చక్రధర్ ఫోన్ చేశాడు.

"జేనుగుండు ఒక్కటే ఓపెన్ ఉండాది రంజితా. నీకు కష్టమంటే చెప్పు, ఇంకెవరినైనా చూస్తా."

వస్తానంది. ఎందుకు అన్నదో తనకే తెలియదు.

పన్నెండు మంది. పైనుంచి లోయలో మంచు చూడాలని వచ్చారు. ఎనిమిది దాటితే అది విడిపోతుంది.

రంజిత ముందు నడిచింది. ఎప్పుడూ అంతే. కంప్లిలో ఇంట్లో ఉన్నా కూర్చుని అన్నం తినదు. పళ్ళెం పట్టుకుని వాకిట్లో తిరుగుతుంది. "ఒక్క గడియ కాలు నిలవదేందే నీకు" అంటుంది వాళ్ళమ్మ హంపమ్మ.

ఆ గుంపులో తెలుగు పిల్ల మేఘ ఒక్కతే. హైదరాబాద్ నుంచి బెంగళూరు వచ్చి ఉద్యోగం చేస్తోంది. రొప్పుతూ రంజిత వెంటబడింది.

"అక్కా, ఇన్ని కొండలెక్కారు కదా, మీకు బాగా ఇష్టమైనది ఏది?"

"ఇదే."

"అయితే ఇక్కడికి చాలాసార్లు వచ్చుంటారు."

రంజిత అడుగులు ఇంకా పెద్దవయ్యాయి.

చాలాసార్లే. పదో తరగతి సెలవుల్లో తమ్ముడితో మొదటిసారి ఎక్కింది. వాడు బండ సందుల్లో తేనెపట్లు వెతికేవాడు. దొరికినా దొరక్కపోయినా, పైన కూర్చుని జొన్నరొట్టె, శనక్కాయల పొడి తినేవాళ్ళు.

చివరిసారి కూడా మంచు కోసమే వచ్చారు. బండ తడిగా ఉంది. వాడు వెనక నిదానంగా వస్తున్నాడు.

"ఎంతసేపురా హనుమా, బిర్నా రా!" అంది, వెనక్కి తిరక్కుండానే.

తిరిగేసరికి బండ మీద ఎవరూ లేరు.

ఇప్పుడు ఆ బండ దగ్గరికొచ్చారు. ఏటవాలుగా ఉంటుంది. అది దాటితే శిఖరమే. పక్కన కొత్తగా ఇనుప గొలుసు బిగించారు.

రంజిత ముందు దాటి పైన నిలబడింది. ఒక్కొక్కరే గొలుసు పట్టుకుని వచ్చారు. చివర మేఘ.

సగం దాకా వచ్చి ఆగిపోయింది. కిందికి చూసినట్టుంది.

"అక్కా... నా వల్ల కాదు. కాళ్ళు రావట్లేదు."

"బేగ బా మేఘా!" పైనుంచి స్నేహితుల కేకలు. త్వరగా రమ్మని. మంచు పోతోందని.

రంజిత నోటిదాకా కూడా ఒక మాట వచ్చింది. మింగేసింది.

గొలుసు పట్టుకుని వెనక్కి దిగింది. మేఘను మెల్లగా కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చుంది. చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏం తొందర లేదు."

"వాళ్ళందరూ నా కోసం..."

"ఉండనీలే. నువ్వు ఊపిరి తీసుకో. నేనీడే ఉండా. యాడికీ పోను."

పైనున్నవాళ్ళు ఇంకాసేపు పిలిచి ఊరుకున్నారు.

లోయలో మంచు చీలింది. కింద ఎర్రమట్టి రోడ్డు, దాని మీద లారీలు బయటపడ్డాయి. చూడాలని వచ్చింది అయిపోయింది.

మేఘ బండ మీద కాలు ఆనించి చూసుకుంది.

"పదండక్కా. ఇప్పుడు నడవగలను."

గొలుసు అందుకుని లేచి నిలబడింది.

రంజిత లేవలేదు.

లేవబోయింది. ఒళ్ళు మాట వినలేదు. అరచేతులు రెండూ బండకు ఆనించి అట్లాగే ఉండిపోయింది.

"మా తమ్ముడు..." అంది. "ఈడ..."



మేఘ ఒకసారి పైకి, స్నేహితుల వైపు చూసింది. తర్వాత రంజిత చేతుల వైపు చూసింది.

గొలుసు వదిలింది. మళ్ళీ పక్కన కూర్చుంది.