అక్క చెప్పే జవాబులు

“నిద్ర పడుతోందా బాబూ?” డాక్టరమ్మ తమ్ముణ్ని అడిగింది.

“పగలంతా వాడికి అదే పని మేడమ్,” అంది అక్క.

“ఆకలి వేస్తోందా?”

“కంచం ముందు పెట్టి కూర్చుంటే నాలుగు ముద్దలు తింటాడు. లేకపోతే అదీ లేదు.”

అక్క బస్సు కండక్టరు. ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపే జవాబు చెప్పేయడం ఆమెకి అలవాటు. ఇరవై మూడేళ్ల తమ్ముడు నాలుగు నెలలుగా మంచం దిగడం లేదు. ప్రెస్సులో ఉద్యోగం ఎప్పుడో ఊడింది. మొన్న ఉన్నట్టుండి, “నేను లేకపోతే నీకు హాయి కదక్కా,” అన్నాడు. ఇవాళ సెలవు పెట్టి మరీ వాణ్ని ఇక్కడికి లాక్కొచ్చింది.

డాక్టరమ్మ కాగితం తిప్పింది. “చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా కొట్టేవారా?”

ఈసారి అక్క కంటే ముందు తమ్ముడే నోరు తెరిచాడు.

“నాన్న,” అన్నాడు. “బెల్టుతో. వారానికి రెండు మూడుసార్లు.”

“ఇద్దరినీనా?”

“నన్నే. అక్క సామాన్ల గదిలో ఉండేది.”

అక్క తల దించుకుంది. ఇన్నేళ్లూ ఆమె భయపడింది ఈ మాటకే. అప్పుడు తనకి పదమూడు, వాడికి తొమ్మిది. నాన్న చెప్పుల చప్పుడు వినగానే ఆ గదిలో దూరి చెవులు మూసుకునేది. “అయిపోయిందక్కా, రా,” అని వాడు పిలిచేదాకా కదిలేది కాదు. వాడు ఇలా అయిపోయాడంటే ఆ పాపం తనదేనని ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు.

డాక్టరమ్మ ఆమెని ఓ క్షణం చూసి తమ్ముడి వైపు తిరిగింది. “అక్క మీద కోపం ఉందా?”

తమ్ముడు తెల్లబోయాడు. “అక్క మీదా? నేను చేసిన పనికి తనకే నా మీద ఉండాలి.”

“ఏం చేశావు?”

“అడ్డం వస్తే తననీ కొడతాడని బయటి నుంచి గడియ పెట్టేసేవాణ్ని. అంతా అయ్యాక తీసి పిలిచేవాణ్ని. ఆ చీకట్లో నా ఏడుపు వింటూ, బయటికి రాలేక ఎంత నలిగిపోయిందో. అది గుర్తొస్తే లేవబుద్ధి కాదు మేడమ్.”

వాడు అక్క చెయ్యి పట్టుకున్నాడు. “తలుపు ఎంత తోశావో కదా. తప్పు నాదేనక్కా.”

డాక్టరమ్మ అక్క జవాబు కోసం చూస్తోంది.

ఆ గడియ సంగతి అక్కకి ఇప్పుడే తెలిసింది.