జోజప్పగారి పాదం

పండక్కి బిషప్పు మేత్రాణులవారు ఇంటికొస్తున్నారని శౌరమ్మ పునీతుడైన జోజప్పగారి కొయ్య స్వరూపాన్ని కొత్తపెట్టెలో పెట్టింది. అరిగిన చెప్పులైనా సొట్టగిన్నెలైనా తయారైన రోజున ఎలా ఉన్నాయో అలా చేసి ఇచ్చే ఆ పెట్టె ఇప్పుడు లేని ఇల్లు లేదు. ఏనాడో ఓడమీద వచ్చిన ఐదొందలేళ్ళ స్వరూపం, అన్నం ఉడికేలోపు నీలం అంగీతో, ఎర్రటి బుగ్గలతో బయటికొచ్చింది.

సాయంత్రం జపమాలకు వచ్చిన అత్తగారు ఇన్నాసమ్మ, చూపు లేని మనిషి, అలవాటుగా పాదం తడిమింది. చెయ్యి ఆగిపోయింది.

"ఎవరే ఈయన?"

"జోజప్పగారే అత్తయ్యా."

"ఆయనకి వేళ్ళెక్కడివి? మా అత్తా, వాళ్ళత్తా ముద్దులు పెట్టి పెట్టి ఎప్పుడో అరగదీసేశారు గదా. ఆ గుంటలో నా బొటనవేలు సరిగ్గా పట్టేది."

శౌరమ్మ పెట్టెవైపు చూసింది. పెట్టెకి కొత్త చెయ్యడమే తెలుసు, మళ్ళీ పాత చెయ్యడం తెలీదు.

"మాసిపోయి ఉన్నారని... పెద్దల ముందు నామోషీ అనిపించి..." అంది.

ఇన్నాసమ్మ తిట్టలేదు. కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.

"మళ్ళీ గుంట పడేదాకా నేనెలాగూ ఉండను. రామ్మా, నువ్వు మొదలెట్టు."

శౌరమ్మ వంగి, ఆ నున్నటి వేళ్ళమీద పెదవులు ఆనించింది. తలెత్తితే ఆయన కళ్ళల్లోకి చూడాల్సొస్తుందని చాలాసేపు అలాగే ఉండిపోయింది.