లోయ ఎటువైపు?

"రేపటి దారిలో లోయ ఎటువైపు?" లాడ్జి గదిలో పరుగు బూట్లు తడిమి చూసుకుంటూ అడిగింది అక్క. ఆమెకు చూపు లేదు. పరుగెత్తేటప్పుడు చెల్లెలే ఆమె కళ్ళు. ఇద్దరి చేతులకూ ఒకే తాడు.

"లోయేం లేదక్కా." చెల్లెలు కొండదారి మ్యాపు మడిచేసింది. "ముప్పై కిలోమీటర్లూ నున్నటి బాటే."

"మూరెడు బాట, కిందకి చూస్తే కళ్ళు తిరుగుతాయని టీ తెచ్చినాయన అన్నాడే?"

చెల్లెలు మ్యాపును సంచి అడుక్కి తోసేసింది.

"నేను భయపడతాననా దాచావు?"

"నీకేం భయం? చూసేదాన్ని నేను! ఆరేళ్ళుగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెడుతున్నా. నేను మానేస్తే నీకు పరుగే లేకుండా పోతుందని..."

అక్క లేచి, తడుముకుంటూ వచ్చి ఆమె చెంపలు పట్టుకుంది. అరచేతులు తడిశాయి.

"ఇన్నేళ్ళూ నా పక్కన ఇలాగే, చప్పుడు లేకుండా ఏడ్చావటే?"