అద్దం వెనక ప్రార్థన

"గొలుసు తగిలించండి! ఒక్క లాగుడుకి తలుపు ఊడి రావాలి!" ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ అరుస్తున్నాడు.

కోల్డ్ రూమ్ ముందు ఫ్యాక్టరీ అంతా పోగైంది. లోపల సూపర్‌వైజర్ ఇరుక్కుపోయి అరగంట అవుతోంది. జానెడు మందం తలుపు, దానికి పళ్లెమంత గుండ్రటి అద్దం. ఆ అద్దంలో ఆయన మొహం ఒక్కటే కనిపిస్తోంది, నీలంగా మారిపోయి. నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. మాట మాత్రం బయటికి రావడం లేదు.

"తలుపు తియ్యండి, తియ్యండి అంటున్నాడ్రా పాపం!" అన్నాడు డ్రైవర్.

"అన్నా, ఒక్క నిమిషం ఆగు!" ప్యాకింగ్‌లో పనిచేసే ఒకామె మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కుంటూ పరుగెత్తుకొచ్చింది. "ముందు ఈయన్ని చూడనివ్వు. ఆయనేమంటున్నాడో ఈయన చెబుతాడు."

అంత కంగారులోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె మొగుడంటే ఫ్యాక్టరీ ఊడ్చే మాలోకం. రెండేళ్ల కిందట ఇక్కడే బాయిలర్ పేలి రెండు చెవులూ పోయినవాడు. చెవిటి మాలోకం అని మొహం మీద అనలేక, 'చెవిటి' మింగేసి 'మాలోకం' మిగిల్చారు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదడం విన్నాం గానీ, చెవిటివాడి చేత వినిపించుకోవడం ఎక్కడా లేదమ్మా! జరుగు," అన్నాడు డ్రైవర్.

మాలోకానికి పెదాలు చదవడం వచ్చని వాళ్లకేం తెలుసు? తెలిస్తే నలుగురూ చేరి పరీక్షలు పెడతారని అతనే ఎవరికీ చెప్పనివ్వలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాటి నుంచీ రోజూ పొద్దున్నే భార్య అతన్ని కిటికీ వెలుగులో కూర్చోబెట్టి, గొంతు లేకుండా పెదాలతోనే బైబిల్ వాక్యం చదివేది. అతను దాన్ని పైకి చెప్పాలి. మొదట్లో మొహం తిప్పేసుకునేవాడు. "నా చెవులతో దేవుడికేం పనే? ఆయనకి లేవా?" అని ఏడ్చేవాడు. "ఆయన ఏదీ ఊరికే చెయ్యడు," అనేది ఆమె, అదీ పెదాలతోనే. ఆ మాట ఆమెకి చెప్పింది సూపర్‌వైజరే. ఆసుపత్రిలో మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసి, ఆనక ఈ ఊడ్చే పని ఇప్పించిన మహానుభావుడు.

మాలోకం అద్దం దగ్గరికి మొహం చేర్చాడు.

సూపర్‌వైజర్ కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదాలు వణుకుతూ, మెల్లగా కదులుతున్నాయి. మాలోకం రెప్ప వెయ్యకుండా చూశాడు. చూస్తుండగానే అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఏమంటున్నాడండీ?" భార్య భుజం పట్టి కుదిపింది.

"ఇంకేం చూస్తాడు? లాగెయ్యండి వాణ్ణి పక్కకి!" డ్రైవర్ బండెక్కాడు. గొలుసు బిగుసుకుంది. తలుపు ఒక్క కుదుపుతో కదిలింది.

అద్దం వెనక కళ్లు తెరుచుకున్నాయి. ఈసారి పెదాలు పిచ్చి పట్టినట్టు కదిలాయి. మాలోకం అదీ చదివాడు. అయినా నోరు మెదపలేదు.

భార్య అతని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. ఆమె కళ్లనిండా నీళ్లు. "ఆయన ఏదీ ఊరికే చెయ్యడు," అంది పెదాలతో. "చెప్పండి."

మాలోకం ఒక్క ఉదుటున బండి మీదికి దూకి, డ్రైవర్ చేతిని లివర్ మీంచి లాగేశాడు.

"ఆపండి! లాగొద్దంటున్నాడు! పెట్టెల రాక్ విరిగి ఆయన చేతుల మీద పడింది. తలుపుని ఆనుకుని ఆగింది. తలుపు తీశారా, మొత్తం కూలి ఆయన్ని నలిపేస్తుంది! వెనక ట్రేలు దింపే కిటికీలోంచి రమ్మంటున్నాడు. ఒక్కో పెట్టే తియ్యమంటున్నాడు!"

రెండేళ్లలో అంత పెద్ద గొంతు అతని నోట ఎవరూ వినలేదు. డ్రైవర్ బండి ఆపి, వెనక కిటికీకేసి పరుగెత్తాడు. నలుగురు లోపలికి దూరి నలభై పెట్టెలు దించేసరికి ఇంకో పావుగంట పట్టింది. తలుపు మీదికి ఒరిగి ఉన్న ఆ ఇనప రాక్‌ని కళ్లారా చూశాక డ్రైవర్ నేల మీద కూలబడ్డాడు. "చేజేతులా చంపేసేవాణ్ణిరా నాయనా," అన్నాడు.

సూపర్‌వైజర్‌ని స్ట్రెచర్ మీద బయటికి తెచ్చారు. మాలోకం భార్య ఆనందంతో వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఇప్పుడు తెలిసిందా, మీ చెవులతో దేవుడికేం పనో?"

అతను స్ట్రెచర్ దగ్గరికి నడిచాడు. సూపర్‌వైజర్ కమిలిపోయిన చేత్తోనే అతని చెయ్యి అందుకున్నాడు.

"దేవుడు నా ప్రార్థన విన్నాడు తమ్ముడూ!"

"నేనూ విన్నాను సార్," అన్నాడు మాలోకం. "మీ పెదాల మీద."

ఆయన చెయ్యి కొయ్యబారిపోయింది. "ఎక్కణ్ణుంచి?"

"మొదటినుంచీ. బండి కదలకముందు నుంచీ."

మాలోకం ఆ చెయ్యి వదల్లేదు. జారిపోయిన దుప్పటిని రెండో చేత్తో ఆయన గుండెల దాకా లాగి కప్పాడు.

"ఏం ప్రార్థనండీ?" అంది భార్య.

"'బాయిలర్ వాల్వు పాడైందని తెలిసే ఆ రోజు వాణ్ణి లోపలికి పంపాను ప్రభువా, వాడి ఉసురు నాకు తగలనివ్వకు' అని."