పది తగ్గిస్తే ఒకటి

...అసలు దీనికెందుకు రాదు? పాలవాడి లెక్క నోటితో చెప్పేసే పిల్ల, వాళ్ల నాన్న అడిగేసరికి మొద్దురాచిప్ప ఎలా అయిపోతుంది?

వంటింటి తలుపు వెనక నిలబడి తల్లి ఇదే ఆలోచిస్తోంది. ఎడమచేతి పిండికట్టు కింద దురద. ముందుగదిలో చెక్క స్కేలు బల్ల మీద టకటకలాడుతోంది.

"మళ్లీ చెప్తున్నా, చెవులు రిక్కించి విను. చొక్కా మూడొందలు. రోజుకి పది పోతాయి. ధర పది తగ్గించినప్పుడల్లా ఇంకొకటి ఎక్కువ పోతుంది. ఎన్నిసార్లు తగ్గించాలో అది ఎక్స్ అనుకో. ఎంతకి అమ్మితే గల్లాపెట్టె బాగా నిండుతుంది?"

"నూట యాభై, నాన్నా."

ఫెళ్లుమంది.

"బట్టల కొట్టువాడి కూతురివా నువ్వు? సగం ధరకిచ్చి నేను మునిగింది చాలదా? చెప్పు!"

"రెండొందల యాభై."

ఈసారి స్కేలు పిల్ల వీపు మీద విరిగింది. ముక్క ఎగిరొచ్చి వంటింటి గుమ్మం దగ్గర పడింది. తరవాత బెల్టు లాగిన చప్పుడు.

తల్లి అడుగు ముందుకు పడలేదు. ఇవాళ్టికి నీ వంతు తప్పిందిలే అని తన మనసులోనే ఎవరో గొణిగారు. నిజమే, పిల్ల దగ్గర చెయ్యి అలిసిన రోజు ఆయన వంటింట్లోకి రాడు. ఆ ఊరట ఎంత తియ్యగా ఉంటుందో, దాన్ని తల్చుకుంటే తన మీద తనకే అంత రోత.

"నీకంటే గోడకి చెప్పుకోవడం నయం!" ఆయన రొప్పుతూ చెప్పులేసుకున్నాడు. "సిగరెట్లు తెచ్చుకుని వస్తా. ఇంకో లెక్కుంది."

ఆయన గేటు దాటగానే ఆమె పరుగెత్తుకెళ్లి పిల్ల వీపు మీద తడిగుడ్డ పరిచింది. వాతలు తేలి, ఒకచోట చర్మం చిట్లి, గుడ్డ ఎర్రబడింది.

"ఎందుకు రాదే తల్లీ, గుడ్డిగా చెప్పినా ఏదో ఒక రోజు సరైన జవాబు తగలాలి కదే?"

"రెండొందలు," అంది పిల్ల, పళ్లు బిగించి. "ఇరవై చొక్కాలు పోతాయి, నాలుగు వేలొస్తాయి. అంతకి పది ఎక్కువ చెప్పినా తక్కువ చెప్పినా తగ్గిపోతుంది."

తడిగుడ్డ మీద చెయ్యి ఆగిపోయింది.

"తెలుసా నీకు? మరి ఆ ముక్క ఆయనతో ఏడవచ్చు కదే!"

"ఆ రోజు చెప్పానుగా అమ్మా. అన్నీ సరిగ్గా చెప్పాను. ఆ రోజే కదా నీ చెయ్యి విరిగింది."

ఆమె తన పిండికట్టు వైపు చూసుకుంది.

"నాన్న కోపం రోజూ అంతే ఉంటుంది. నా దగ్గర ఎంత ఖర్చయితే నీకంత తగ్గుతుంది," అంది పిల్ల, తేలిక లెక్క చెబుతున్నట్టు.

గేటు కిర్రుమంది. పిల్ల గబుక్కున లేచి, ఎప్పుడూ నిలబడే చోటికి వెళ్లి గోడకి తిరిగి నిలబడింది.

తల్లి పిల్లని దాటుకుని వెళ్లి, పిండికట్టు చేత్తోనే వీధి తలుపు గడియ వేసింది.